చాట్‌జీపీటీ ఇచ్చిన రిఫరెన్సులను నమ్మొచ్చా?

ప్రశ్న: మా ఎమ్మెస్సీ ప్రాజెక్టు నల్గొండ జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ మీద. చాట్‌జీపీటీ ఇచ్చిన రిఫరెన్సుల్లో కొన్ని ఎక్కడా దొరకడం లేదని గైడ్ వెనక్కి పంపేశారు. చాలా టెన్షన్‌గా ఉంది సర్. నమ్మదగిన సమాచారం ఎక్కడ వెతకాలి?
– ఒక విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: కంగారు పడకండమ్మా. ముందు ఆ జాబితాను ఒక్కొక్కటిగా సరిచూడండి. ఇటీవలి పరిశోధన వ్యాసాలకు చాలావరకు 10తో మొదలయ్యే డీఓఐ నంబరు (ఆ వ్యాసానికి మాత్రమే ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటుంది. దాన్ని డీఓఐ డాట్ ఓఆర్‌జీ సైట్‌లో పేస్ట్ చేస్తే అసలు వ్యాసం పేజీ తెరుచుకోవాలి. తెరుచుకున్నంత మాత్రాన సరిపోదు. నంబరు నిజమైనదే అయినా అది వేరే వ్యాసానిది కావచ్చు. శీర్షిక, రచయితలు, సంవత్సరం మూడూ కలిస్తేనే ఉంచండి.

కొత్తగా వెతకడానికి గూగుల్ స్కాలర్ వాడండి. ఒక మంచి వ్యాసం దొరికితే దాని కింద 'సైటెడ్ బై' నొక్కండి, తర్వాత ఎవరెవరు దాన్ని ఆధారం చేసుకున్నారో కనిపిస్తుంది. వెనక్కి వెళ్లాలంటే వ్యాసం చివరి రిఫరెన్సులే దారి. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు) విషయంలో అలా వెళ్తే, నెల్లూరు జిల్లా మీద షార్ట్ బృందం 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాసిన వ్యాసం దాకా చేరతారు. అది పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఆన్‌లైన్ వైద్య వ్యాసాల భాండాగారంలో ఉచితం.

మూలం దాకా వెళ్లమని ఎందుకంటున్నానో చూడండి. 'మన దేశంలో తాగునీటిలో ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు' అని చాలాచోట్ల కనిపిస్తుంది. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 తెరిస్తే అసలు పరిమితి 1 మిల్లీగ్రామే. వేరే నీటి వనరు లేనప్పుడే 1.5 వరకు అనుమతి. ఈ తేడా మీ ప్రాజెక్టులో ఎన్ని బోర్లు సురక్షితమో మార్చేస్తుంది!

మీ జిల్లా లెక్కలకు కేంద్ర భూగర్భజల మండలి నివేదికలు చూడండి. నమూనాలు వర్షాలకు ముందు తీశారా, తర్వాతా అన్నది తప్పక రాసుకోండి. ఉస్మానియా సహా మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో ఉచితంగా దొరుకుతాయి.

వ్యాసం చదవాలంటే డబ్బు కట్టమంటోందా? మీది ప్రభుత్వ కళాశాల అయితే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర పథకం గురించి లైబ్రేరియన్‌ను అడగండి. 2025 జనవరి నుంచి సుమారు 13,000 జర్నళ్లు దాని కింద అందుతున్నాయి. ప్రైవేటు కళాశాల అయితే బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి, చట్టబద్ధమైన ఉచిత కాపీ ఉంటే చూపిస్తుంది. అదీ లేకపోతే రచయితకే మెయిల్ పెట్టి కాపీ అడగండి. అడగడానికి మొహమాటపడాల్సిన పనే లేదు.