ఫైకస్ ఆకులు రాలుస్తోంది: నీళ్లు చాలకా, ఎక్కువయ్యా?

ప్రశ్న: మాది బెంగళూరు మారతహళ్లిలో ఏడో అంతస్తు ఫ్లాట్. నాలుగు నెలల కిందట లావు వేళ్ల ఫైకస్ (మర్రి జాతి) బోన్సాయ్, అంటే చిన్న కుండీలో పొట్టిగా పెంచే చెట్టు, కొన్నాం. హాల్లో టీవీ పక్కన పెట్టి రోజూ గ్లాసు నీళ్లు పోస్తున్నాం. ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. నీళ్లు చాలడం లేదా?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలక కాదండీ, ఎక్కువై. దానికి మూలం వెలుతురు తక్కువవడం. వెలుతురు లేని చోట చెట్టు నీళ్లు తాగడం తగ్గిస్తుంది, మనం పోసే గ్లాసు మాత్రం తగ్గదు. మట్టిలో గాలి ఆడాల్సిన సందుల్లో నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి పైకి దాహంతో వాడినట్టే కనిపిస్తుంది. అది చూసి ఇంకో గ్లాసు పోస్తాం. ఫ్లాట్లలో బోన్సాయ్‌లు ఎక్కువగా ఇలాగే పోతుంటాయి.

ముందు చెట్టును తూర్పు కిటికీకి అడుగు దూరంలోకి మార్చండి. తూర్పు బాల్కనీ ఉంటే ఇంకా మేలు. ఒక్కసారిగా మధ్యాహ్నపు ఎండలో పెడితే నీడకు అలవాటుపడ్డ ఆకులు మాడతాయి. చోటు మారిన ఫైకస్ మరికొన్ని ఆకులు రాల్చడం సహజం, కంగారుపడి మళ్లీ మార్చకండి. వేళ్లు బాగుంటే కొన్ని వారాల్లో చిగురు కనిపిస్తుంది. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పితే చెట్టు ఒకవైపే వంగదు. వెలుతురొచ్చే కిటికీ లేకపోతే మొక్కల కోసం అమ్మే ఎల్‌ఈడీ లైటును చెట్టుకు అడుగు ఎత్తున కట్టి, రోజుకు 12 గంటలు వెలగనివ్వండి.

నీళ్లకు రోజుల లెక్క వద్దు. కొబ్బరి చీపురుపుల్ల ఒకటి మట్టిలోకి అంగుళంన్నర గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. పుల్ల తడిసి ముదురు రంగులో ఉంటే ఆ రోజు నీళ్లొద్దు. పొడిగా వస్తే కుండీ అడుగు రంధ్రాల నుంచి కారేదాకా నిండుగా పోసి, కింది పళ్లెంలో నీళ్లు పారబోయండి. బోరు నీళ్లయితే మట్టి మీద, కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. వాన నీళ్లు దొరికినప్పుడల్లా అవే పోయండి. కొన్ని కుండీల్లో పైన గులకరాళ్లను జిగురుతో అతికించి అమ్ముతారు. అవి ఉంటే పీకేయాల్సిందే, లేకపోతే నీళ్లు లోపలికి సరిగా దిగవు.

మట్టి దుర్వాసన వస్తుంటే చెట్టును బయటికి తీసి చూడండి. వేరును రెండు వేళ్లతో పట్టి లాగినప్పుడు పైపొర తొడుగులా ఊడి లోపల దారంలాంటి నార మిగిలితే అది చచ్చిన వేరు. అలాంటివన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేయండి. మళ్లీ నాటడానికి రెండు పాళ్లు 3–5 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు వర్మికంపోస్టు కలపండి. ఇటుక, మట్టి జల్లించి దుమ్ము పారేయడం మరవొద్దు, ఆ దుమ్మే అడుగుకు చేరి రంధ్రాలు మూసేస్తుంది. చెట్టు కదిలితే కొత్త వేళ్లు తెగిపోతాయి కాబట్టి అడుగు రంధ్రాల్లోంచి అల్యూమినియం తీగ తెచ్చి గట్టిగా కట్టండి. చిగురు వేసేదాకా ఎరువు వేయొద్దు.

ప్రశ్న: జూనిపర్ (సూదుల్లాంటి ఆకుల చెట్టు) బోన్సాయ్‌ని ఆఫీసు టేబుల్ మీద పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. అది ఆరుబయట ఎండలో బతికే చెట్టు. ప్రాణం పోయాక కూడా వారాల తరబడి పచ్చగా ఉంటుంది కాబట్టి బాగానే ఉందనుకుంటారు. ఇంట్లోకి ఫైకస్, లేదా కిటికీకి ఎండ బాగా వస్తే చిన్న, దళసరి ఆకుల జేడ్ మొక్క తీసుకోండి.

ప్రశ్న: ఫైకస్ కొమ్మల సందుల్లో తెల్లగా దూదిలా పట్టింది.

జవాబు: పిండినల్లి. కుండీని మిగతా మొక్కలకు దూరంగా పెట్టండి. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటే తుడవండి. తర్వాత లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం ఆకుల అడుగున కూడా పిచికారీ చేయండి. గుడ్లు పొదిగి మళ్లీ వస్తాయి కాబట్టి వారానికోసారి, మూడు వారాలు చేయాలి. చీమలు కనిపిస్తే వాటినీ ఆపండి, ఈ పురుగును కాపాడేది అవే.

ప్రశ్న: సంక్రాంతికి పది రోజులు విజయవాడ వెళ్తున్నాం. ఫైకస్ సంగతేంటి?

జవాబు: జేడ్ అయితే వెళ్లే ముందు ఒకసారి తడిపితే చాలు. ఫైకస్‌కు లావుపాటి నూలుతాడు ఒక కొసను మట్టిలో రెండంగుళాలు దించి, రెండో కొసను పక్కనున్న బకెట్ అడుగుదాకా వేయండి. బకెట్‌లో నీటిమట్టం కుండీ మట్టి కంటే పైన ఉంటే నీళ్లు ఆగకుండా పారతాయి, కాస్త కిందే ఉంచండి. ప్రయాణానికి మూడు రోజుల ముందే పెట్టి, చీపురుపుల్లతో రోజూ చూడండి. మట్టి ఎండిపోతుంటే ఇంకో తాడు వేయండి, బురదయితే సన్నటి తాడుకు మార్చండి.