ఆ ప్రమాదం ఊసెత్తాలంటేనే భయంగా ఉంది

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్. మూడు నెలల కిందట స్నేహితుడి బండి మీద వెనక కూర్చుని వెళ్తుంటే లారీ గుద్దింది. స్నేహితుడు అక్కడికక్కడే చనిపోయాడు. మావాడికి చెయ్యి విరిగింది, అతుక్కుంది. కానీ రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. ఆ రోడ్డు వైపు వెళ్లడు, ఎవరితోనూ మాట్లాడడు. మేం ఆ ఊసే ఎత్తడం లేదు. ఫోన్‌లో ఆ అబ్బాయి ఫొటోలు తీసేశాం. కాలేజీకి నేనే తీసుకెళ్లి తీసుకొస్తున్నా. వాళ్ల నాన్న మాత్రం ‘వెళ్లొద్దంటే విన్నావా’ అంటుంటారు. ఏం చేయాలి?
- ఒక తల్లి

జవాబు: ముందు మీవారి మాట ఆగాలమ్మా. పక్కనున్నవాడు పోయి తాను బతికిన పిల్లాడు ‘నేనెందుకు మిగిలాను’ అని లోపల తనను తానే తిట్టుకుంటూ ఉంటాడు. నాన్న కూడా అదే అంటే, తప్పు తనదేనని ఖాయం చేసుకుంటాడు. ఆయన అలా అంటున్నది భయంతోనే అయ్యుంటుంది. ఆ భయాన్నే చెప్పమనండి: ‘ఆరోజు ఫోన్ రాగానే నా ప్రాణాలు పోయాయిరా. తప్పు నీది కాదు.’

ఇక మీ మౌనం. ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తకపోతే, తను ఏడిస్తే అమ్మ తట్టుకోలేదనుకుని బాబు నోరు కట్టేసుకుంటాడు. ఇలాంటి ఘటనల తర్వాత తల్లిదండ్రులు కఠినంగా మాట్లాడినా, అతిగా కాపలా కాసినా పిల్లల్లో లక్షణాలు కాస్త ఎక్కువగా ఉంటాయని పరిశోధనల్లోనూ తేలింది. ఇదంతా మీవల్లేనని కాదు, మీ చేతిలో ఉన్నది కొంత ఉందని.

అలాగని ఎదురుగా కూర్చోబెట్టి ఆరోజు ఏం జరిగిందో చెప్పమనొద్దు. అన్నం పెడుతూనో, బట్టలు మడతపెడుతూనో ‘ఇవాళ వాడు గుర్తొచ్చాడురా’ అనండి చాలు. మాట్లాడితే వినండి, ఏడిస్తే ఏడవనివ్వండి. ఫొటోలు మీ దగ్గరుంటే తిరిగి ఇచ్చేయండి, అడగకుండా తీసినందుకు బాధపడుతున్నామనీ చెప్పండి. స్నేహితుడి అమ్మానాన్నలను చూడాలని అంటే వెంట వెళ్లండి. అయితే వాళ్లు ఏ స్థితిలో ఉన్నారో ముందు పెద్దవాళ్ల ద్వారా కనుక్కోండి. ఆ దుఃఖంలో వాళ్లు ఒక్క మాట తూలినా బాబు తట్టుకోలేడు.

కాలేజీకి వారంలో ఒకట్రెండు రోజులు తోటి పిల్లలతో బస్సులో వెళ్లనివ్వండి. ఆ రోడ్డుకు తొందరపెట్టొద్దు.

ఇలాంటి లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత మనసును వదలని మానసిక సమస్య) కావచ్చు. మీకు మూడు నెలలైంది కాబట్టి ఇక ఆగకుండా సైకియాట్రిస్టుకో, క్లినికల్ సైకాలజిస్టుకో చూపించండి. దీనికి మంచి థెరపీ ఉంది, అందులో తల్లిదండ్రులనూ కూర్చోబెడతారు. ఎక్కడ చూపించాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. ‘నేనూ పోయుంటే బాగుండేది’ అన్నాడంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అప్పటిదాకా ఒంటరిగా వదలొద్దు.