టెక్ సందేహాలు: 280 కిలోల తాళం గుంజితే ఎందుకు ఊడుతోంది?

ప్రశ్న: మా హాస్టల్ మెయిన్ డోర్‌కి 280 కిలోల మాగ్నెటిక్ లాక్ పెట్టించాం. ఇద్దరు కలిసి గుంజితే తలుపు వచ్చేస్తోంది. డూప్లికేట్ అంటగట్టారా?

జవాబు: ఈ ఫిర్యాదు తరచూ వస్తోంది. ఎక్కువసార్లు తప్పు లాక్‌ది కాదు, బిగించినవాళ్లది. లోపల ఇంగ్లిష్ ‘ఈ’ ఆకారంలో కోసిన సిలికాన్ స్టీల్ రేకులను దొంతరగా పేర్చి, మధ్య కాలికి ఎనామెల్ రాగి తీగ చుడతారు. ఆ తీగలో కరెంటు ఉన్నంతసేపే అది అయస్కాంతం. ఎపాక్సీ పోసి, గట్టిపడ్డాక ముఖాన్ని గ్రైండింగ్ చేసి చదును చేస్తారు. తలుపుకుండే ఇనుప ప్లేటు ఆ ముఖానికి సందు లేకుండా అతుక్కుంటేనే 280 కిలోల పట్టు. కాగితం మందం సందున్నా పట్టు బాగా పడిపోతుంది. అందుకే ప్లేటు వెనక రబ్బరు వాషర్ ఇస్తారు. తలుపు కాస్త వంకరగా ఉన్నా ప్లేటు తనే సర్దుకుంటుంది. దాన్ని కదలకుండా బిగించేస్తున్నారు! బోల్టు వదులు చేసి, ప్లేటు చేత్తో కాస్త ఊగేలా ఉంచండి.

తర్వాత వైరు చూడండి. 12 వోల్టుల లాక్ దాదాపు అర ఆంపియర్ తీసుకుంటుంది. నెట్‌వర్క్ కేబుల్‌లో ఒక్క జతతో 30 మీటర్లు లాగితే కరెంటు 0.4 ఆంపియర్‌కు తగ్గి, పట్టు మూడింట రెండు వంతులే మిగులుతుంది. 1 స్క్వేర్ ఎంఎం వైరు వేయించండి. లాక్ పనిచేస్తుండగా దాని టెర్మినళ్ల దగ్గరే మీటర్ పెడితే 11.5 వోల్టులకు తగ్గకూడదు.

వేలిముద్ర మెషీన్‌లోనే రిలే (లాక్‌కు కరెంటు ఇచ్చే, ఆపే స్విచ్) ఉండి, అది బయటి గోడకుంటే ఇంకో ప్రమాదం. మూత విప్పి రెండు తీగలు కలిపితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. బయట వేలిముద్ర చదివే రీడర్ మాత్రమే ఉండాలి, తలుపు తెరవాలో లేదో తేల్చే కంట్రోలర్ బోర్డు లోపల ఉండాలి.

మీది హాస్టల్ కాబట్టి నాకు అన్నిటికన్నా భయం నిప్పు గురించి. కరెంటు పోతే తలుపు తెరుచుకుంటుందిలే అనుకుంటారు. కానీ 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాకప్ బ్యాటరీ నిండుగా ఉంటే మెయిన్ ఆపినా గంటల తరబడి లాక్ వదలదు. లోపలివైపు ఎమర్జెన్సీ బటన్‌ను కంట్రోలర్‌కు కలిపి వదిలేస్తున్నారు. ఆ బోర్డు హ్యాంగ్ అయితే ఎంత నొక్కినా తలుపు రాదు. ఇది క్షమించరాని నిర్లక్ష్యం. ఆ బటన్ బ్యాటరీ తర్వాత, లాక్‌కు వెళ్లే ప్లస్ తీగనే నేరుగా తెంపాలి. ఫైర్ అలారం రిలే కూడా అక్కడే. ఈరోజే మెయిన్ ఆపి, బ్యాటరీ మీద ఉండగా ఆ బటన్ నొక్కి చూడండి. తలుపు వెంటనే రాకపోతే, సరిచేసేదాకా లాక్ ఆఫ్ చేసి మనిషిని కాపలా పెట్టండి.