తుపాకుల పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర?

ప్రశ్న: 2004లో మన ప్రభుత్వం, నక్సలైట్లు చర్చలకు కూర్చుంటే మూడు నెలల్లోనే అంతా చెదిరిపోయింది. నేపాల్‌లో ఒప్పందం నిలిచింది. తేడా ఎక్కడ వచ్చింది?
– ఒక పాఠకుడు, మందస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తుపాకుల దగ్గరే ఎక్కువ తేడా వచ్చిందండీ. 2004 అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి పౌర స్పందన వేదిక ఏళ్ల తరబడి రెండు వైపులా తిరిగి ఆ దారి వేసింది. అయితే ఆయుధాలతో ఊళ్లలో తిరగొద్దని ప్రభుత్వం, తిరుగుతామని మావోయిస్టులు పట్టుబట్టారు. హద్దు దాటిందెవరో తేల్చడానికి ఇద్దరూ నమ్మే మూడో మనిషి ఊళ్లలో లేడు. ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలయ్యాయి. 2005 జనవరిలో మావోయిస్టులు తప్పుకున్నారు.

నేపాల్‌లో ప్రభుత్వం, మావోయిస్టుల మధ్య సమగ్ర శాంతి ఒప్పందం మీద 2006 నవంబరు 21న సంతకాలయ్యాయి. మావోయిస్టు సైన్యానికి ఏడు పెద్ద శిబిరాలు, ఒక్కోదానికి మూడేసి చిన్న శిబిరాలు పెట్టారు. తెచ్చిన ప్రతి తుపాకీ నంబరూ రాసుకుని, ఇనుప కంటెయినర్‌లో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మాత్రం మావోయిస్టుల దగ్గరే ఉంచారు! తలుపు తెరిస్తే సైరన్ మోగే ఏర్పాటు చేశారు. ఐక్యరాజ్య సమితి పరిశీలకులు రాత్రీ పగలూ నిఘా ఉంచారు. ప్రభుత్వ సైన్యం కూడా సరిగ్గా అన్నే ఆయుధాలకు ఇలాగే తాళం వేసింది. ‘లొంగిపోయారు’ అన్న మాట ఎవరూ పడక్కర్లేకపోయింది. మా దృష్టిలో ఒప్పందానికి ప్రాణం పోసింది ఇదే.

తర్వాత తలలు లెక్కపెట్టారు. 2006 మే 25 నాటికి పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను, ఆ తేదీ తర్వాత చేరినవాళ్లను పక్కన పెడితే 19,602 మంది తేలారు. చిక్కు ఇక్కడే వచ్చింది. వీళ్లను సైన్యంలోకి ఎలా తీసుకోవాలో ముందే తేల్చుకోలేదు. దాంతో వేలమంది 2012 దాకా శిబిరాల్లోనే పడిగాపులు పడ్డారు. చివరికి సైన్యంలో చేరింది దాదాపు 1,400 మందే; చాలామంది డబ్బు తీసుకుని ఇంటికెళ్లారు.

ఇక భూమి. 2004 చర్చల్లోనూ అది పెద్ద అంశమే. సీతంపేట, పార్వతీపురం కొండవాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పాలా? గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లోనే 1/70 చట్టం చెప్పింది. చట్టం ఉన్నా పట్టా చేతికి రావాలంటే కాళ్లరిగేలా తిరగాల్సిందే. అందుకే ఏ శాంతి ఒప్పందంలోనైనా ‘భూసంస్కరణలు అమలు చేస్తాం’ అని రాస్తే చాలదు. ఏ మండలంలో, ఏ సర్వే నంబర్లు, ఏ తేదీలోగా, ఏ అధికారి, తప్పితే ఫిర్యాదు ఎవరికి అన్నది అందులోనే ఉండాలి.