పాత కట్టె ముచ్చట్లు: దూలంల టేబుల్ ఉన్నదా?

ఎండాకాలం వచ్చిందంటే పాత ఇండ్లు విప్పుడు మొదలైతది, మనకు ఉత్తరాలు పెరుగుతయ్. ఈసారి వచ్చినయ్ చానా ఉన్నయ్, అందరికీ పనికొచ్చేటివి ఐదు తీసుకున్న.

హన్మకొండ నుంచి ఒక అక్క: పరకాల దిక్కు మా అత్తగారి ఊర్ల గూనపెంకుల ఇల్లు విప్పినం. దూలాలు ఆరు, దర్వాజలు మూడు, వాసాలైతే లెక్కలేదు. పాత కట్టె కొనెటాయన వచ్చి మొత్తానికి ఒకటే రేటు చెప్పిండు, మా ఆయన అమ్మేద్దాం అంటున్నడు. నాకేమో ఆరుగురం కూసోని తినే టేబుల్ చేయించాలని ఉంది. ఫోన్‌ల చూసిన ఫొటో పంపుతున్న, ఇట్ల అయితదా అన్నా?

టేబుల్ అయితది అక్కా, గా ఫొటో లెక్కనే కావాలంటే మాత్రం నేను చెప్పలేను. మనం ఫొటో పట్టుకొని వడ్లాయన కాడికి పోతం, ఆయన పది ఫీట్ల దూలాన్ని ఫొటోకు సరిపోయేటట్టు కోసి ఇస్తడు, మిగిలినదంతా పొయిలకు పోతది. ముందుగాల కట్టెను చూడుండ్రి, దాంట్ల ఏం వస్తదో తర్వాత అనుకోవచ్చు. మీ ఆయనకు కూడా చెప్పండి, మొత్తానికి ఒకటే రేటు అన్నోడు టేకును, వేపను, మద్దిని ఒకటే లెక్కల కలుపుతున్నడంటే లాభం ఎవరికో మీకే సమజైతది.

ప్రతి దూలానికి ఒక కొసన రందా పట్టియ్యండి, నాలుగు పొరలు లేస్తే చాలు. బంగారు గోధుమ రంగు, చేతికి జర నూనె తగిలినట్టు, తోలు వాసన లెక్క వస్తే టేకు. ముదురు గోధుమ మీద నల్ల చారలుండి రందా ఎగిరెగిరి పడుతుంటే అది మద్ది అయ్యుంటది. వేప ఎర్రగ ఉంటది. బరువు కూడా చెప్తది. పది ఫీట్ల పొడుగు, 6 ఇంచుల మందం, 8 ఇంచుల వెడల్పు ఉన్న దూలం అనుకుందాం, సామిల్లు లెక్కల 10 ఇంటు 6 ఇంటు 8, దాన్ని 144 తోటి భాగిస్తే 3.33 సీఎఫ్‌టీ, అంటే ఘనపు అడుగులు, టేకు అయితే 60 కిలోల దగ్గర తూగుతది, మద్ది అయితే 80 దిక్కు పోతది. ఈ లెక్క మీరే చేసుకోండి, కొనెటాయన టేపు మీద ఇడిసిపెట్టకండి.

ఇగ అదే దూలాన్ని ఇంచు మందం పలకలు కోయిస్తే, రంపానికి, రందాకు పోను, నడుమ పగులు లేకుంటే, ఐదు వస్తయ్. ఒక్కోటి ఏడున్నర ఇంచుల వెడల్పు. ఐదింటిని ఆరు ఫీట్ల కాడ కోసి పక్కపక్కన అతికిస్తే మూడు ఫీట్ల వెడల్పు టేబుల్ పైపలక అయ్యింది, మనిషికి 24 ఇంచులు ఇడిసినా ఆరుగురు కూసుంటరు. మిగిలిన నాలుగు ఫీట్ల ముక్కలు పారేయకండి, రెండు కలిపితే ఒక బెంచీ. టేబుల్ ఎత్తు 30 ఇంచులు, బెంచీ 18. కాళ్లకు వాసాలు వాడుకోవచ్చు, గుండ్రటి వాసమైతే ఒక పక్క చదును చేస్తే సరిపోతది, అంతా నున్నగ చేసి దాని ముఖం పోగొట్టొద్దు.

సామిల్లుకు పోయే ముందు మొలలు. ఒక్క మొల రంపానికి తగిలితే బ్లేడు పోతది, ఆ పైసలు మీతోనే అడుగుతరు, కొన్నికాడ పాత కట్టె అంటెనే ముట్టరు కూడా. గట్టి అయస్కాంతం ఒకటి తాడుకు కట్టి కట్టె మీద నుంచి ఆడించండి, లోపల దాసుకున్న ఇనుము కాడ అది గుంజుతది. మొల చుట్టూ నల్లగ మరక ఉంటది, దాన్ని తీయాలని చూడకండి, అదే అందం.

కోసినంక వెంటనే అతికించొద్దు. పైన ఎండినట్టే ఉంటది గానీ లావు దూలం లోపల చెమ్మ వేరే ఉంటది, అందుకే పలకల నడుమ సన్న పట్టీలు పెట్టి, పైన బరువు పెట్టి, ఇంట్లనే మూడు నాలుగు వారాలు ఉంచాలె. నా మొదటి టేబుల్ సంగతి చెప్త. పైపలకను కింద ఫ్రేముకు ఫెవికాల్ పెట్టి, స్క్రూలు బిగించి, ఇగ కదలది అనుకొని మురిసిన. మే నెలల అర్ధరాత్రి ఠప్పుమని సప్పుడు, లేచి చూస్తే నడిమిట్ల ఇంత పగులు! కట్టె వానకాలం వెడల్పుల ఉబ్బుతది, మన వరంగల్ ఎండకు ముడుచుకుంటది, నూరేండ్ల కట్టె అయినా ఆ అలవాటు మానదు. కాబట్టి ఫెవికాల్ పలకకు పలకకు నడుమనే, ఫ్రేముకు వద్దు. ఫ్రేముల స్క్రూ బెజ్జాలు గుండ్రంగ కాకుండ పలక వెడల్పు దిక్కు పొడుగ్గ కొట్టించి, వాషర్ ఏసి బిగిస్తే పలక కదలడానికి జాగ ఉంటది.

పైన లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె గింజల నూనె, రాసుకోవచ్చు, బాగుంటది, కానీ తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలకు ఏయకండి, అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటయ్, నిజంగనే. నీళ్లల్ల ముంచి బయట పరిచి ఆరేయండి. ఇంకోటి, ఊరి నుంచి టేకు బండికెక్కించే ముందు అటవీ శాఖ రేంజ్ ఆఫీసుల ఒకసారి అడగండి, టేకు తరలించాలంటే మన దగ్గర పర్మిట్ ముచ్చట ఉంటది. ఇల్లు విప్పక ముందు తీసిన ఫొటోలుంటే పట్టుకపోండి.

జమ్మికుంట నుంచి ఒక తమ్ముడు: పాత తలుపును టీపాయ్ చేద్దామనుకుంటున్న. ఆకుపచ్చ పెయింట్ ఐదారు పొరలుంది, గ్రైండర్ పెట్టి లేపెయ్యాల్నా?

వద్దు తమ్మీ. మన దేశంల ఇంటి పెయింట్లల్ల సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల వంతులల్ల 90 వంతులు, దాటొద్దని రూల్ అమలైంది 2017 నవంబర్‌ల. దానికి ముందు ఏసిన పొరలల్ల ఎంతుందో ఎవరికెరుక. గ్రైండర్ పెడితే ఆ దుమ్ము ఇల్లంత పోతది, హీట్ గన్‌తోటి కాలిస్తే పొగ, చిన్న పిల్లలున్న ఇంట్ల అసలుకే వద్దు. బయట పట్టా పరిచి, మాస్క్ పెట్టుకొని, తడి చేసుకుంట సాండ్ పేపర్ రుద్దు, గీరిన పెచ్చులు ఆ పట్టాలనే మూట కట్టు. నన్నడిగితే మొత్తం తీయనే వద్దు, ఊడేటిది గీరేసి పైన రెండు కోట్లు క్లియర్ వార్నిష్ కొట్టి అద్దం పెట్టు, ఆ ఆకుపచ్చ మళ్ల రాదు.

రామగుండం నుంచి ఒక సార్: కంపెనీల కాడ ప్యాలెట్లు, అదే సామాన్ల కింద పెట్టే కట్టె చట్రాలు, సస్తాగ దొరుకుతున్నయ్, షెల్ఫులు చేయొచ్చా?

ప్యాలెట్ మీద కొట్టిన ముద్ర చూసి తీసుకోండి సార్. గోధుమ కంకి బొమ్మ పక్కన హెచ్‌టీ అని ఉంటే కట్టె లోపలి దాకా 56 డిగ్రీలల్ల 30 నిమిషాలు కాచినట్టు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పెట్టినట్టు, ఇంట్లకు వద్దు. ముద్ర లేకుంటే, నూనె మరకలుంటే కూడ వద్దు.

ములుగు నుంచి ఇంకో అక్క: పాత అల్మారా కింద రోజూ పిండి రాలుతుంది. చెదలేనా?

చెదలైతే మట్టి గూడు కడుతది, సన్న బెజ్జాలల్ల నుంచి మైదా లెక్క రాలుతుందంటే బోరర్, అంటే కట్టెను తొలిచే పురుగు. కింద నల్ల కాగితం పరిచి వారం చూడండి, ఒక్కోసారి పురుగు ఎప్పుడో పోయి పాత పిండే రాలుతుంటది. కొత్తగ పడుతుంటే వార్నిష్ గీకేసి, బోరాక్స్ బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు రెండు మూడు సార్లు పట్టియ్యండి, వార్నిష్ మీద నుంచి పోస్తే లోపలికి దిగదు. తెల్లగ ఉండే అంచు కట్టెనే ఎక్కువ తింటది, టేకుల కూడా అంతే, అది పుచ్చిపోతే కోసి తీసేయించండి.

జనగామ నుంచి ఒక చెల్లె: నానమ్మ నులక మంచం తెగిపోయింది, కోళ్లు, పట్టెలు గట్టిగనే ఉన్నయ్. ఏం చేయొచ్చు?

కోళ్లు కోయకు చెల్లె, పట్టెలు కూర్చునే బెజ్జాలు కూడా కదిలియ్యకు. అడ్డం పట్టెలు రెండూ పొట్టిగ చేయించి, కొసలు మళ్ల అవే బెజ్జాలల్ల దిగేటట్టు చెక్కిస్తే గోడ పక్కన సన్న బెంచీ అయితది. పైన పలక ఏసి మన వరంగల్ కొత్తవాడల నేసిన దర్రీ పరుచుకో. కానీ ముందుగాల ఊర్ల నులక అల్లెటోళ్లు ఎవరన్న ఉన్నరేమో అడుగు, ఉంటే ఈ పనంతా మానేసి మంచమే అల్లించుకో.