రెండో గేరులో నడిపి చూడు

చిరంజీవి మేనకోడలికి,
మారతహళ్లి నుంచి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎక్సెల్ షీట్ చూశాను. ఫోన్‌లో సగమే కనబడుతుంటే మీ అత్తయ్య ల్యాప్‌టాప్‌లో తెరిచి ఇచ్చింది. కొనడానికి నువ్వు చూసుకున్న మూడు కార్లు (మారుతి స్విఫ్ట్, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, వాడిన ఫోక్స్‌వ్యాగన్ పోలో), ముప్పై ఒక్క కాలమ్‌లు! సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు, ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఎంత టార్క్ (లాగే బలం), స్పీకర్లు ఎన్ని, అన్నీ ఉన్నాయి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీ పార్కింగ్ పక్కనున్న స్తంభం మాత్రం ఎక్కడా లేదు. పోయినసారి వచ్చినప్పుడు దాని సున్నం నా బండి తలుపుకు అంటుకుంది కాబట్టి నాకది బాగా గుర్తు.

ఏది కొనాలో ఫోన్‌లోనే చెప్పమన్నావు. ఫోన్‌లో అయితే నువ్వు టర్బో (ఇంజిన్‌లోకి గాలి కుక్కే పరికరం) అంటావు, నేను ఆగు అంటాను, మధ్యలో మీ నాన్న ఫోన్ తీసుకుని "ఆ డబ్బుకు కొంచెం కలిపితే పెద్ద కారే వస్తుంది కదయ్యా" అంటారు. అక్కడితో మన మాట అటకెక్కుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మైలేజ్ చూసుకుని బుద్ధిగా ఏదో ఒకటి కొనుక్కోమని చెప్పే రకం కాదు నేను. ఈ కార్ల పిచ్చి నీకు నా వల్లే అంటుకుందని మీ అమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. 1998లో ఒక సెకండ్ హ్యాండ్ మారుతి 800 కొన్నాను. 796 సీసీ, మూడు సిలిండర్లు. దాంట్లో అత్తయ్యనూ ఇద్దరు పిల్లలనూ ఎక్కించుకుని, ముళబాగిలులో దోసె తిని, చిత్తూరు వెళ్లొచ్చేవాణ్ని. నువ్వేమో స్విఫ్ట్ వరుసలో "3 సిలిండర్లు" అన్నచోట ఎర్ర రంగు పూశావు. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో నాలుగు సిలిండర్లు పోయి మూడయ్యాయి, నిజమే. బండి ఆగి ఉన్నప్పుడు గేర్ రాడ్ మీద చెయ్యి పెడితే సన్నగా వణుకు తెలుస్తుంది. దానికి ఎరుపెందుకు? పసుపు చాలు.

నీ షీట్‌లో అసలు లోపం ఏమిటంటే, అందులోని అంకెలన్నీ నువ్వు ఎప్పుడూ వెళ్లని వేగాల గురించే. వారంలో ఐదు రోజులు నువ్వు బెళ్లందూరు నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్తావు. రింగ్ రోడ్డు, సిల్క్ బోర్డు, ఆ పైన హోసూరు రోడ్డు. ఆ దారిలో నీ బండి ఎక్కువసేపు ఉండేది మొదటి గేరులోనో రెండో గేరులోనో. చిన్న కారులో ఉన్న సరదా అంతా నలభై లోపలే ఉండాలి. అక్కడ లేకపోతే వంద దగ్గర ఉన్నా నీకు దొరకదు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను. 2012లో ఒక డీజిల్ చిన్న కారు కొన్నాను. కంపెనీ పేరు ఎందుకులే. ఆదివారం పొద్దున ఏడు గంటలకు షోరూం వాళ్లు టెస్ట్ డ్రైవ్ ఇచ్చారు. ఖాళీ రోడ్డు, మూడో గేరులో తొక్కితే వీపును ఎవరో వెనక నుంచి తోసినట్టు దూసుకుపోయింది. అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేశాను. డెలివరీ అయిన సోమవారం సాయంత్రం సిల్క్ బోర్డు దగ్గర అసలు సంగతి తెలిసింది. 1800 ఆర్‌పీఎం లోపు ఇంజిన్‌లో చలనం లేదు, దాటిందంటే ముందున్న ఆటోను ముద్దు పెట్టుకునేలా ఎగిరేది. క్లచ్ రాయిలా ఉండేది. ఇంటికి చేరి లిఫ్ట్ దగ్గర నిలబడితే ఎడమ మోకాలు వణికేది. పద్నాలుగు నెలలు భరించి, నష్టానికి అమ్మేశాను. రోడ్డు ఖాళీగా ఉంటే మాత్రం అంత మంచి బండి నేను మళ్లీ నడపలేదు. ఖాళీ రోడ్డే దొరకలేదు.

కాబట్టి ఆదివారం టెస్ట్ డ్రైవ్‌ను నమ్మకు. సేల్స్ అబ్బాయి చూపించే మూడు కిలోమీటర్ల దారి వాళ్లు ఏరి పెట్టుకున్నది. మామూలు రోజు సాయంత్రం ఆరున్నరకు బండి మీ ఇంటికి తెమ్మను. గొణుగుతారు, కానీ కొనేవాళ్లమని తెలిస్తే తెస్తారు. రోజూ ఆఫీసుకు వేసుకునే చెప్పులే వేసుకో. ముందు సీటు సరిచేసుకుని, క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉందో లేదో చూడు. కాలు బారుగా చాచాల్సి వస్తే ఆ బండి నీకు సరిపడదు.

తర్వాత ఇలా చెయ్యి. రోడ్డు మీద ఒక హంప్ చూసుకో. బెంగళూరులో వెతకాల్సిన పని లేదు. రెండో గేరులోనే నెమ్మదిగా హంప్ దాటి, వేగం పది పన్నెండుకు పడిపోయాక గేరు మార్చకుండా యాక్సిలరేటర్ మెల్లగా నొక్కు. బండి దగ్గినట్టు కుదుపుతోందా, లేక గొణుక్కుంటూనైనా లాగుతోందా? కుదిపితే ప్రతి హంప్‌కీ మొదటి గేరు వెయ్యాలి. రోజుకు అరవై డెబ్బై సార్లు అనుకో. ఆ తర్వాత ఫ్లైఓవర్ ఎక్కే ఏటవాలులో ట్రాఫిక్ ఆగినప్పుడు హ్యాండ్ బ్రేక్ వేసి వదులు, క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో పాదానికి తెలియాలి. పెడల్ చివరికొచ్చాక పట్టుకునే క్లచ్ అయితే కాలికి పని ఎక్కువ. ఇదంతా చేసేటప్పుడు పాటలు పెట్టకు. సేల్స్ అబ్బాయి సన్‌రూఫ్ తెరవబోతే వద్దను.

టర్బో గురించి. ఐ20 ఎన్ లైన్‌లో 1 లీటర్ టర్బో, 120 పీఎస్ (గుర్రపు బలం), 172 ఎన్‌ఎం (టార్క్). స్విఫ్ట్‌లో 1.2 లీటర్, 82 పీఎస్, 112 ఎన్‌ఎం. కాగితం మీద పోటీయే లేదు. పైగా నీ షీట్‌లో లేని ఇంకో విషయం కూడా టర్బో వైపే ఉంది, నేను దాచను. మన బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. గాలి పలచన. టర్బో లేని ఇంజిన్‌కు ప్రతి వంద మీటర్లకూ దాదాపు ఒక శాతం చొప్పున బలం తగ్గుతుంది. అంటే చెన్నైలో 82 ఉన్న గుర్రాలు ఇక్కడికొచ్చేసరికి దాదాపు 75. టర్బో అయితే గాలిని తనే కుక్కుకుంటుంది కాబట్టి ఆ లోటు చాలావరకు పూడుతుంది. చెన్నైలో ఉన్న మీ స్నేహితురాలు స్విఫ్ట్ పికప్ అదిరిందని చెప్పిందంటే, ఆ మాట ఆ ఊరికి సరిపోతుంది.

నెలకోసారి చిత్తూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు మొగిలి ఘాట్ ఎక్కుతారు కదా. నలుగురు మనుషులు, డిక్కీ నిండా మామిడికాయలు, ముందు ముక్కుతూ మూలుగుతూ ఎక్కే లారీ. అక్కడ టర్బో దేవుడే. స్విఫ్ట్‌ను రెండో గేరుకు దించి, ఇంజిన్ అరిచేదాకా తొక్కాలి. అలా తొక్కడం నాకిష్టం. వెనక కూర్చున్న మీ అమ్మకు ఇష్టముండదు.

ఇక లెక్క నువ్వే చూసుకో. నెలకు ఒక ఘాటు, నలభై నాలుగు సార్లు రింగ్ రోడ్డు. ఎన్ లైన్‌నే తీసుకోవాలనిపిస్తే మాన్యువల్ తీసుకో. దాంట్లోని డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఖాళీ రోడ్డు మీద వెన్నలా ఉంటుంది కానీ, అంగుళం అంగుళం పాకే ట్రాఫిక్‌లో దాని డ్రై క్లచ్ (నూనెలో మునగని క్లచ్) వేడెక్కే రకం. స్విఫ్ట్‌లో ఏఎంటీ (మాన్యువల్ గేర్లనే యంత్రం తనంతట తాను మార్చేది) ఉంది. తలాడించే గేర్లు నీకు నచ్చవని నాకు తెలుసు, దాని గురించి ఇక రాయను.

చక్రాల దగ్గర కాస్త ఆగు. పెద్ద అల్లాయ్ వీల్స్ కాలమ్‌కు పచ్చరంగు వేశావు. ఎన్ లైన్ టైరు మీద 195/55 ఆర్16 అని ఉంటుంది. 195 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 55 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం, 16 అంటే రిమ్ము అంగుళాల్లో. అంటే రిమ్ముకూ గుంతకూ మధ్య ఉన్న రబ్బరు 107 మిల్లీమీటర్లు. స్విఫ్ట్ పై వేరియంట్‌కు వచ్చే 185/65 ఆర్15లో అది 120. కింది వేరియంట్ల 165/80 ఆర్14లో 132, కానీ ఆ టైరు మలుపుల్లో కొంచెం తేలుతుంది. వానాకాలంలో నీళ్లు నిండిన గుంత ఎంత లోతో తెలియదు కదా, అప్పుడు 107కూ 120కీ మధ్య ఉన్న ఆ పదమూడు మిల్లీమీటర్లే నీ రిమ్మును కాపాడతాయి. టైరు పక్కగోడ ఉబ్బితే పంక్చర్ వేసినట్టు వెయ్యలేరు, టైరే మార్చాలి. మధ్యలో ఉన్న 15 అంగుళాలే నా ఓటు.

పార్కింగ్ మాట. స్విఫ్ట్ వెడల్పు 1735 మిల్లీమీటర్లు, ఐ20 1775. నాలుగు సెంటీమీటర్లేగా అంటావు. ఆ స్తంభం పక్కన తలుపు తెరిచి మీ అమ్మ దిగాలంటే నాలుగు సెంటీమీటర్లూ కావాలి.

అన్నట్టు ఐ20 పొడవు చూశావా, 3995 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకు ఐదు తక్కువ. 2006 బడ్జెట్ నుంచీ మన ప్రభుత్వం దృష్టిలో చిన్న కారంటే టేపు కొలతే. పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ దాటకూడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అలాంటి వాటికి జీఎస్టీ 18 శాతం, దాటితే 40. మీ నాన్న మళ్లీ పెద్ద కారు ఊసెత్తితే ఈ ముక్క చదివి వినిపించు.

మూడోది, వాడిన పోలో 1.0 టీఎస్ఐ (ఇదీ టర్బోయే). 2022లో ఇక్కడ పోలో ఆపేశారు కాబట్టి దానికి ఇంకా మోజు పెరిగింది. మంచి బండే, స్టీరింగ్ నాకూ ఇష్టమే. కానీ ఒక్కటడుగుతాను, దాన్ని ఎవరు అమ్ముతున్నారు? నీలాంటి వాళ్లే. ఇంజిన్‌కు రీమ్యాప్ (బలం పెంచడానికి దాని కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పు) చేయించి, వారాంతాల్లో నంది హిల్స్ దారిలో పిండి, అమ్మేముందు మళ్లీ పాత ప్రోగ్రామ్ ఎక్కించి, "ఒక్క చెయ్యి వాడిన బండి" అంటారు. కార్ల పిచ్చి ఉన్నవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొనొద్దు తల్లీ. రిటైరైన టీచరు గారి బండి దొరికితే చెప్పు, నేనే వచ్చి చూస్తాను.

భద్రత విషయంలో బేరాల్లేవు. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (బండి జారకుండా అదుపు చేసే వ్యవస్థ) లేని వేరియంట్ షీట్‌లోంచి తీసెయ్. కార్లను గుద్దించి చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. ముందు నుంచి గుద్దించే పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. ఆ వేగం దాటి వెళ్లేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టుకోకు. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకుంటేనే బండి కదిలించు, మీ నాన్నతో సహా.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. కర్ణాటకలో రోడ్ ట్యాక్స్ ఎక్కువ. కారు ఖరీదు 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే 14 శాతం, 10 దాటితే 17, దాని మీద సెస్ అదనం. అంటే 9.9 లక్షల బండికీ 10.1 లక్షల బండికీ మధ్య తేడా ఇరవై వేలు కాదు. ట్యాక్స్‌తో కలిపితే యాభై వేలు దాటుతుంది. ఆ గీత దగ్గరున్న వేరియంట్ అయితే ఒక మెట్టు దిగు. చిత్తూరు అడ్రస్‌తో ఏపీ నంబర్ వేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకు. వేరే రాష్ట్రం బండి ఏడాదికి మించి ఇక్కడ తిప్పితే మళ్లీ రిజిస్టర్ చేయించాల్సిందే. ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలని రూలేం లేదు, బయట కొటేషన్ తెచ్చి ముందు పెట్టు. హ్యాండ్లింగ్ ఛార్జీలు అని ఒక లైను ఉంటే, అది దేనికో రాసివ్వమని అడుగు. నాకు ఒక షోరూంలో అలా అడగ్గానే ఆ లైను మాయమైంది.

డబ్బు మొత్తం కట్టేముందు, రిజిస్ట్రేషన్‌కు ముందు, పగటి వెలుతురులో బండి చూడాలి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2325 అని ఉంటే 2025లో 23వ వారంలో చేసిన టైరు. స్టెప్నీతో కలిపి ఐదూ చూడు. ఒక టైరు తేదీ మిగతా వాటికి మరీ దూరంగా ఉంటే ఎందుకని అడగాలి.

నన్నడిగితే 15 అంగుళాల చక్రాలున్న మాన్యువల్ స్విఫ్ట్. కానీ బండి నడిపేది నీ కాలూ నీ చెయ్యీ. హంప్ దాటాక ఎన్ లైన్ కుదపకుండా లాగిందంటే నేను అడ్డుచెప్పను, పైగా మొగిలి ఘాట్‌లో ఒకసారి స్టీరింగ్ అడుగుతాను.

శుక్రవారం సాయంత్రానికి రెండు బండ్లూ తెమ్మని చెప్పు. నేను ఆఫీసు నుంచి అటే వస్తాను. అమ్మను ఆ రోజు గుడికి వెళ్లే ప్రోగ్రామ్ పెట్టుకోవద్దను, వెనక సీట్లో ఆమే కూర్చోవాలి. స్తంభం కొలవడానికి టేపు నేను తెస్తాను.

మీ మామయ్య