బొమ్మ మూడు వేల ఏళ్ల నాటిది, నాణెం 2022 నాటిది

సందేహం: ఆన్‌లైన్‌లో ఒక వెండి నాణెం కొన్నాను. ఒకవైపు ఈజిప్టు రాజు టుటన్‌ఖమున్ ముసుగు, రెండోవైపు బ్రిటన్ రాణి, ‘నియూ (పసిఫిక్‌లోని చిన్న ద్వీప దేశం), 2 డాలర్లు, 2022’ అని ఉంది. నల్లబారి పాతదానిలా కనిపిస్తోంది. పురావస్తు శాఖకు చెప్పకపోతే కేసవుతుందని, విదేశీ డబ్బు ఇంట్లో ఉంచుకోకూడదని స్నేహితుడు భయపెడుతున్నాడు. ప్రకటనలో ‘ప్రాచీన నాణెం, రెండు ఔన్సుల స్వచ్ఛమైన వెండి’ అన్నారు. తూస్తే 56.7 గ్రాములే ఉంది. ఏం చేయాలి?

సమాధానం: కేసు గురించి టెన్షన్ పడకండి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం నాణెం పురావస్తువు కావాలంటే కనీసం వందేళ్ల నాటిదై ఉండాలి. చట్టం నాణెం వయసే చూస్తుంది, దాని మీది బొమ్మ వయసు కాదు. ఆ లెక్కన 2122 దాకా మీ ఇంటికి ఎవరూ రారు. నలుపంటారా, కలెక్టర్ల కోసం తయారీలోనే తెప్పిస్తారు, దాన్నే యాంటిక్ ఫినిష్ అంటారు. ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనల ప్రకారం విదేశీ నాణేలు ఎన్నయినా ఉంచుకోవచ్చు, పరిమితి నోట్లకే. ఆ 2 డాలర్లు మాత్రం ఇక్కడ చెల్లవు.

అసలు సంగతి తూకం దగ్గర ఉంది. వెండి, బంగారం బరువును ఔన్సుల్లో చెబితే అవి ట్రాయ్ ఔన్సులే. ఒక ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు కాబట్టి రెండు ఔన్సులంటే 62.2 ఉండాలి. మీకొచ్చింది సరిగ్గా రెండు మామూలు ఔన్సులు (ఒక్కోటి 28.35 గ్రాములు). ‘మేమన్నది ఆ ఔన్సే’ అని అమ్మినవాళ్లు వాదించొచ్చు. కానీ అధికారికంగా ముద్రించిన నాణేనికి ఇంత తేడా రాదు. నాకైతే నకిలీ అనే అనిపిస్తోంది.

కొత్తదాన్ని ‘ప్రాచీన’మని అమ్మడం, బరువు తగ్గించడం, ఈ రెండూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతులే. ముందు రాతపూర్వకంగా డబ్బు వెనక్కి అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అమ్మినవాళ్ల ఊరు తిరగనక్కర్లేదు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. తిరిగి అమ్ముకునే వ్యాపారం కోసం కొనుంటే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది.

ప్రకటన స్క్రీన్‌షాట్ ఈరోజే తీసి పెట్టుకోండి, రేపటికి మార్చేస్తారు. బిల్లు, సర్టిఫికెట్, పెట్టె దాచండి. వెండి స్వచ్ఛతను కమిషన్ ల్యాబ్‌కు పంపి తేల్చగలదు. అందాకా నాణేన్ని గీకవద్దు, చింతపండుతో తోమవద్దు. నలుపు పోతే ‘మీరే పాడుచేశారు’ అనే సాకు వాళ్ల చేతికి మీరే ఇచ్చినట్టవుతుంది.